బాస్ వెళ్లిపోయారు, నా ఏఎక్స్‌పీ గంటలు ఎవరు ఓకే చేస్తారు?

ప్రశ్న: అమెరికాలో ఎం.ఆర్క్ అయ్యాక నిరుడు జూన్‌లో ఒక చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసులో చేరాను. ఆర్కిటెక్ట్ లైసెన్స్‌కు కావాల్సిన ఏఎక్స్‌పీ (పని అనుభవం) గంటలను లెక్కించే సంస్థ ఎన్‌కార్బ్‌లో రికార్డు తెరిచాను గానీ, తర్వాత చూసుకుందాంలే అని గంటలు ఒక్కటీ ఎక్కించలేదు. నా పని చూసిన ఆర్కిటెక్ట్ జనవరిలో ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయారు. మెయిల్ పెడితే ‘చూస్తాను’ అన్నారు, అంతే, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసులో ఇంకో పార్ట్‌నర్‌కి కూడా లైసెన్స్ ఉంది, ఆయన చేత ఓకే చేయించుకోవచ్చా? ఇండియాలో బి.ఆర్క్ అప్పుడు, మూడేళ్ల కిందట చేసిన ట్రైనింగ్ ఏమైనా లెక్కకొస్తుందా? ఫిబ్రవరి వచ్చేసింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆయన జవాబు కోసం ఎదురుచూడకండి, ముందు గంటలు సబ్మిట్ చేసేయండి. మీరు రెండు వేర్వేరు పనులను ఒకటిగా అనుకుంటున్నారు. రిపోర్ట్ పంపడం మీ పని, దానికి గడువుంది. దాన్ని ఓకే చేయడం సూపర్‌వైజర్ పని, అది కాస్త ఆలస్యమైనా మీ గంటలు తగ్గవు. పని చేసిన ఎనిమిది నెలల్లోపు పంపితే పూర్తి గంటలు వస్తాయి, అది దాటి ఐదేళ్ల లోపైతే సగమే, ఐదేళ్లు దాటితే ఇక ఆ దారిలో రావు. అంటే మీ జూన్ గంటలు ఇప్పుడు సరిగ్గా అంచు మీద ఉన్నాయి, వారం ఆలస్యమైతే ఓ వారం పని సగానికి పడిపోతుంది. (పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆలస్యమవుతుందని ఈ ఒక్క ముక్కా మీకు ముందే మెయిల్‌లో రాశాం.)

ఇక వెళ్లిపోయిన ఆయన సంగతి. గంటలు ధ్రువీకరించాల్సింది మీ పనిని దగ్గరుండి చూసిన మనిషి, ఆయన ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నా ఆ రోజుల్లో మీ సూపర్‌వైజర్ ఆయనే. కాబట్టి రిపోర్ట్‌లో ఆయన పేరు, ఇప్పుడు వాడుతున్న మెయిల్ ఇవ్వండి, పాత ఆఫీసు మెయిల్ ఇస్తే, ఓకే చేయమని ఎన్‌కార్బ్ నుంచి వెళ్లే మెయిల్ ఎవరూ చూడని డబ్బాలో పడుతుంది. చాలామంది సీనియర్లు పలకనిది కోపంతో కాదు, ఆ మెయిల్‌లో లింక్ నొక్కి అకౌంట్ తెరవాలంటే బద్ధకం, పైగా ఆరు నెలల కింద మీరేం చేశారో వాళ్లకు గుర్తుండదు. ఆ రెండూ మీరే తేలిక చేయండి. అకౌంట్‌కు ఆయన డబ్బు కట్టక్కర్లేదని చెప్పండి, ఒక పేజీలో నెలవారీగా రాసి పంపండి: ‘జులై, స్కూల్ ప్రాజెక్ట్, డోర్ షెడ్యూల్, వాల్ సెక్షన్లు, ఇన్ని గంటలు’, ‘అక్టోబర్, క్లినిక్, కాంట్రాక్టర్ పంపిన ఆర్ఎఫ్ఐలకు (సందేహాలకు) జవాబులు, సైట్ విజిట్లు, ఇన్ని గంటలు’. గంటలను పని రకాన్ని బట్టి విభాగాలుగా చూపించాలి, మొదటిది ప్రాజెక్ట్ డెవలప్‌మెంట్ అండ్ డాక్యుమెంటేషన్‌లోకి, రెండోది కన్‌స్ట్రక్షన్ అండ్ ఎవాల్యుయేషన్‌లోకి వెళ్తాయి. అది చూశాక ఫోన్ చేస్తే పది నిమిషాల పని. మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టడం కన్నా ఒక్క ఫోన్ మేలు, మొహమాటపడకండి, ఆయన కూడా ఒకప్పుడు ఇలా ఎవరి చుట్టూనో తిరిగినవారే అయి ఉంటారు.

పార్ట్‌నర్ విషయంలో మాత్రం జాగ్రత్త. లైసెన్స్ ఉండగానే సరిపోదు. ఆయన మీ డ్రాయింగ్ షీట్ల మీద రెడ్‌లైన్లు (దిద్దుబాట్లు) గీసి, మీ పని మీద అజమాయిషీ చేసి ఉంటే ఆ ప్రాజెక్ట్ గంటల వరకు ఆయనను అడగొచ్చు. కారిడార్‌లో పలకరించడం తప్ప సంబంధం లేకపోతే అడగొద్దు, ఆయన పెట్టినా అది దొంగ సంతకమే. జనవరి తర్వాతి పనికి ఎటూ ఇప్పుడు చూస్తున్నవాళ్లే సూపర్‌వైజర్. పాత ఆయన ఎంతకీ పలకకపోతే ఎన్‌కార్బ్‌కే రాసి ఏం చేయాలో అడగండి, మీరు పెట్టిన మెయిళ్లు దాచి ఉంచండి.

రిపోర్ట్ తిప్పి పంపితే కంగారొద్దు. అన్ని గంటలూ ఒకే విభాగంలో పోసేశారేమో చూసుకోండి. మొత్తం 3,740 గంటల్లో డాక్యుమెంటేషన్‌కే 1,520, ప్లానింగ్ అండ్ డిజైన్‌కు 1,080 కావాలి, అవి ఆఫీసులో వాటంతట అవే నిండుతాయి. ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్‌కు (ఆఫీసు నడిపే పనులకు) కావాల్సింది 160 గంటలే గానీ జూనియర్లు చిక్కుకునేది అక్కడే, ఫీజులు, కాంట్రాక్టుల మీటింగులకు మిమ్మల్ని ఎవరూ పిలవరు. ‘నన్నూ కూర్చోనివ్వండి’ అని మీరే అడగాలి.

ఇండియా ట్రైనింగ్ లెక్కకొస్తుంది. అక్కడ లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ కింద చేసి ఉంటే అది సెట్టింగ్ ‘ఓ’ (ఇతర చోట్ల చేసిన పని) కిందకు వస్తుంది, అందులో మొత్తం గంటల్లో దాదాపు సగం వరకు చూపించుకోవచ్చు. మిగతా సగం మాత్రం ఇప్పటి మీ ఆఫీసు లాంటి చోటే, సెట్టింగ్ ‘ఏ’లో చేయాలి. మూడేళ్లు అయిపోయింది కాబట్టి 900 గంటలు చేసి ఉంటే 450 వస్తాయి. అక్కడి సార్ కూడా ఆన్‌లైన్‌లో ఓకే చేయాలి, కాలేజీ ఇచ్చిన ట్రైనింగ్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పెడితే చాలదు. ఆయనకు ముందుగా వాట్సాప్‌లో ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే అమెరికా నుంచి వచ్చిన ఆ మెయిల్‌ను ఏదో మోసం అనుకుని డిలీట్ చేసేస్తారు.