చిన్న ఊళ్లో థాయ్ రెస్టారెంట్: మా అత్తగారు, ఒక తులసి మొక్క

"మా టౌన్‌లో ఒక కుటుంబం నడుపుకునే చిన్న థాయ్ రెస్టారెంట్ ఉంది. మేం శాకాహారులం. వెళ్లొచ్చా? వెళితే ఏం ఆర్డర్ చేయాలి?" అని అడిగారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. మెనూ కార్డు చూసి మాత్రం ఆర్డర్ చేయకండి. వండే మనిషితో మాట్లాడి ఆర్డర్ చేయండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మేం ఉండేది అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రానికి పడమటి వైపు. చుట్టూ మొక్కజొన్న చేలు, పశువుల దొడ్లు, ఊరి పక్క నుంచి రాత్రంతా పోయే గూడ్సు బళ్లు. మావారు డాక్టరు. జె1 వీసా మీద వచ్చి ఇక్కడ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ, పూర్తి చేసినవాళ్లు మామూలుగా రెండేళ్లు సొంత దేశం వెళ్లి ఉండాలి. అది తప్పించుకునే ఒక దారి, డాక్టర్లు తక్కువగా ఉన్న ఊళ్లలో మూడేళ్లు పని చేయడం. ఒక్కో రాష్ట్రం తరఫున ఏడాదికి 30 మందికే ఆ అవకాశం. అలా వచ్చి పడ్డాం. కరివేపాకు కావాలంటే డెన్వర్ వెళ్లాలి, కారులో మూడు గంటలు. బయట తినాలంటే బర్గర్లు, పిజ్జా, ఒక మెక్సికన్, ఈ థాయ్. అంతే.

ఆరు టేబుళ్లు. తలుపు మీద చేత్తో రాసిన కాగితం, సోమవారం సెలవని. వండేది ఒక పెద్దావిడ, బల్లల దగ్గర ఉండేది కాలేజీ చదివే మనవరాలు. మనవరాలు ఆవిడని "యాయ్" అని పిలుస్తుంది. థాయ్‌లో అమ్మమ్మ అని అర్థం. మేమూ అలాగే పిలుస్తాం. యాయ్‌ది థాయ్‌లాండ్‌లోని ఉడోన్ థానీ. వియత్నాం యుద్ధం రోజుల్లో అక్కడ అమెరికా వైమానిక స్థావరం ఉండేది, 1976లో ఖాళీ చేశారు. అందులో పని చేసిన నెబ్రాస్కా అబ్బాయిని పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చింది. ఇంత చిన్న ఊళ్లో థాయ్ హోటలేమిటి అని ఆశ్చర్యపోయేవాళ్లకు సగం జవాబు ఆ స్థావరాల్లోనే దొరుకుతుంది. ఉడోన్ థానీ ఉన్న ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. దేశానికి ఈశాన్యంలో ఉంది కాబట్టి ఆ పేరు. అక్షరాలా మన మాటే.

రెండేళ్ల కిందట మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆవిడది అమలాపురం దగ్గర పల్లె. పూర్తి శాకాహారం, కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. నవంబరులో ఒక శనివారం సాయంత్రం, నెల రోజులుగా ఇంట్లోనే ఉన్నారు కదా అని నేనే బలవంతంగా బయటికి తీసుకెళ్లాను. మావారు హాస్పిటల్ డ్యూటీలో ఉన్నారు. బయట ఎముకలు కొరికే చలి. మా ఇద్దరికీ, పాపకీ కలిపి కూరగాయలు, టోఫు వేసిన కూర, అన్నం చెప్పాను. మాంసం లేదు కదా, సరిపోతుంది అనుకున్నాను.

కంచం ముందుకు రాగానే అత్తగారు చెంచా పట్టుకుని ఆగిపోయారు. "చేపల వాసన వస్తోందమ్మాయ్" అన్నారు మెల్లగా. నేను వంగి చూస్తే నిజమే. కోనసీమలో పుట్టిన మనిషికి చేపల వాసన ఒకళ్లు చెప్పాలా? చెంచా తిరిగి కంచం పక్కన పెట్టేసి, పాప నీళ్ల గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నారు. పాపకి కూడా పెట్టనివ్వలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. థాయ్ వంటలో ఉప్పు స్థానంలో నామ్ ప్లా ఉంటుంది. చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం అది. మనం ఉప్పు వేశామని ఎవరికైనా చెబుతామా? వాళ్లూ అంతే. టోఫు కూర అంటే శాకాహారం అని అర్థం కాదు. ఎరుపు, ఆకుపచ్చ కూరలకు వాడే ముద్దలో రొయ్యల ముద్ద కలుపుతారు. ప్యాడ్ థాయ్ అనే వేయించిన నూడుల్స్‌లో, పచ్చి బొప్పాయి సలాడ్‌లో చేపల రసం మామూలే, చాలాచోట్ల ఎండురొయ్యలు కూడా. ఇది మోసం కాదు. మనం అడగాల్సిన ప్రశ్న అడగకపోవడం. చాలామంది మనవాళ్లు "నో మీట్, నో చికెన్" అని చెప్పి తినేసి, ఇంటికెళ్లి ఇంటర్నెట్‌లో చదివి బాధపడి, ఆ హోటల్‌కి ఒక స్టార్ ఇస్తారు. ఆరు టేబుళ్ల హోటల్‌కి ఒక స్టార్ అంటే ఎంత దెబ్బో ఆలోచించరు. నలభై నిమిషాలు ఆలస్యమైందని ఇంకొకరు రెండు స్టార్లు. వంటింట్లో ఉన్నది డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కతే అని చూడరా? వంగి ఆ వంటింటి కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది. టిప్పు సంగతి మరీ అన్యాయం. అరవై డాలర్ల భోజనం చేసి రెండు డాలర్లు పెట్టి లేచిపోయేవాళ్లని నా కళ్లతో చూశాను. ఇక్కడ బల్ల దగ్గర పనిచేసేవాళ్ల సంపాదనలో ఎక్కువ భాగం టిప్పే. మనం ఇచ్చే పద్ధతిని బట్టే మన వెనక వచ్చే తెలుగువాళ్లని చూస్తారు.

సరే, ఆ రోజు సంగతి. మనవరాలు మా బల్ల దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. చేప వద్దు, గుడ్డు వద్దు, ఈ నెల ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు అని. అదంతా చెబుతుంటే నాకే మొహమాటంగా అనిపించింది, ఇన్ని వద్దులు చెప్పి ఏం వండమంటాం? ఆ పిల్ల మాత్రం ఒక్క నిమిషం ఆలోచించి వంటింటి వైపు తిరిగి గట్టిగా ఒకే ముక్క అంది, "యాయ్! జే!" అని.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. యాయ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అత్తగారి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించి తల వంచింది. అత్తగారు కూర్చున్నచోటే గబుక్కున లేచి నమస్కారం పెట్టారు. అమెరికా వచ్చిన నెల రోజుల్లో అత్తగారికి నమస్కారం పెట్టిన మొదటి బయటి మనిషి యాయే.

జే అంటే థాయ్‌లాండ్‌లో ఒక నియమం. అక్కడి చైనా సంతతి వాళ్లు ఏడాదికోసారి తొమ్మిది రోజులు పాటిస్తారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. ఆ రోజుల్లో కొట్ల ముందు పసుపు జెండాలు కడతారు, వాటి మీద ఎర్ర అక్షరాలు. మన కార్తీకమాసపు వంట వాళ్లకు ముందే తెలుసు, పేరు వేరు. మీరు ఏ థాయ్ హోటల్‌కి వెళ్లినా వెజిటేరియన్ అని పది ముక్కలు చెప్పే బదులు ఈ ఒక్క మాట చెప్పండి. "కిన్ జే" అంటే జే తింటాను అని. పాలు తాగుతామని విడిగా చెప్పుకోవచ్చు.

యాయ్ మా కంచాలు తీసేసింది. బాణలి తోమిన చప్పుడు మాకు వినిపించింది, ఒకసారి కాదు, రెండుసార్లు. అరగంట పట్టింది. రెండోసారి వచ్చిన కంచంలో వేయించిన టోఫు, బీన్స్, ఎర్ర మిరపకాయలు, పైన ఆకులు. పక్కన చిన్న వెదురు బుట్టలో వేడి వేడి బంక అన్నం. ఆవిరి పైకి లేచింది. ఈసారి అత్తగారు చెంచా పట్టుకోలేదు, కంచం మీదికి వంగి వాసన చూసి నా వైపు తిరిగారు.

"ఇది తులసి కదే!"

నేను నమ్మలేదు. థాయ్ హోటళ్లలో బేసిల్ అని వేసేది సాధారణంగా వేరే ఆకు, సబ్జా గింజల జాతిది, సోంపు వాసన వస్తుంది. అమెరికాలో చాలాచోట్ల ఈ కూరకి కూడా అదే వేసి సరిపెడతారు. అసలు క్రపావ్ అనే కూరకి వాడాల్సింది మన తులసే. మనం కోటలో పెట్టుకునే మొక్క. యాయ్ సరిపెట్టుకునే మనిషి కాదు.

అత్తగారికి ఏం చేయాలో తోచలేదు. పారేస్తే పాపం, నమిలితే పాపం. తులసిని పళ్లతో నమలకూడదు అని ఆవిడ చిన్నప్పటి నుంచి పాటిస్తున్నారు. అందులో కార్తీకమాసం. చివరికి ఒక ఆకు వేళ్లతో తీసి, కళ్లకద్దుకుని, తీర్థం తీసుకున్నట్టు నోట్లో వేసుకుని నమలకుండా మింగారు. మిగతా ఆకుల్ని ఒక్కొక్కటే తీసి కాగితం రుమాలులో పెట్టారు. ఆ తర్వాత బుట్టలో అన్నం చిన్న ముద్ద చేసి కూరలో అద్దుకుని తినడం మొదలుపెట్టారు. నేను ఆవిడకి చెంచా అందించబోతే మనవరాలు ఆపింది. ఈసాన్‌లో బంక అన్నం చేత్తోనే తింటారట, యాయ్ కూడా అంతే. నెల రోజుల తర్వాత మా అత్తగారు నలుగురిలో చేత్తో తిన్నారు. బుట్ట ఖాళీ అయింది. ఇంకో బుట్ట అడిగారు.

రుమాలులో దాచిన ఆకులు యాయ్ కంటపడ్డాయి. బాగాలేదా అని అడిగింది. మేం ఈ మొక్కకి పూజ చేస్తామని, ఇంకో నాలుగు రోజుల్లో దాని పండగ ఉందని, ఇక్కడ మొక్క దొరక్క అత్తగారు బెంగపెట్టుకున్నారని నేను చెప్పాను. ఆ పిల్ల థాయ్‌లోకి మార్చి చెప్పింది. యాయ్ కాసేపు ఏమీ అనలేదు. అత్తగారి మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

వెనక కిటికీ దగ్గర ట్యూబ్‌లైటు కింద వరసగా పదో పన్నెండో మొక్కలు. సోయాసాస్ వచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు సగానికి కోసి మట్టి నింపి పెట్టింది. కాడలు ఊదా రంగులో ఉన్నాయి, ఆకుల అంచులు కూడా. కృష్ణతులసి. కొసల్లో వెన్నులు వచ్చాయి. బయట గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. అత్తగారు గుమ్మం దగ్గరే చలికోటు, బూట్లు విప్పేసి మేజోళ్లతో ఆ తడి నేల మీద నిలబడ్డారు. "అక్కయ్యగారూ, ఇంత చలిలో ఎలా బతికించారండీ?" అని తెలుగులోనే అడిగారు. యాయ్ థాయ్‌లో ఏదో చెప్పింది. నేను గానీ ఆ పిల్ల గానీ అనువాదం చేయలేదు. ఇద్దరూ అలా ఐదు నిమిషాలు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు, ఆకులు చూపించుకుంటూ. ఎండిన వెన్ను నలిపి గింజలు ఎలా తీయాలో అత్తగారు చేసి చూపించారు.

బయల్దేరేటప్పుడు యాయ్ ఒక డబ్బా తీసి, చుట్టూ వార్తాపత్రిక చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి అత్తగారి చేతుల్లో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ మొక్కని ఒళ్లో పెట్టుకుని, పాప కంటే దానికే ఎక్కువ హీటరు తగిలేలా కూర్చున్నారు ఆవిడ దారంతా. క్షీరాబ్ది ద్వాదశి నాడు వంటింటి కిటికీలో ఆ సోయాసాస్ డబ్బాకే పసుపు రాసి బొట్టు పెట్టాం. ఉసిరి కొమ్మ దొరకలేదు, డెన్వర్ నుంచి తెచ్చిన ఫ్రోజెన్ ఉసిరికాయలే పక్కన పెట్టాం. మర్నాడు అత్తగారు ఒక సీసా ఆవకాయ నా చేత పంపించారు. యాయ్ దాన్ని బంక అన్నంతో తింటుంది.

ఇదంతా పెద్ద సిటీలో జరుగుతుందంటే నేను ఒప్పుకోను. సిటీల్లో వంటవాడెవరో మనకి కనిపించడు. హైదరాబాద్‌లో మంచి పేరున్న చోట గ్రీన్ కర్రీ తిన్నాను, పంచదార, కార్న్‌ఫ్లోర్ తప్ప ఏమీ తెలియలేదు. ప్యాడ్ థాయ్ కూడా 1940ల ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం చేసిన వంటకం. అది తిని థాయ్ తిండి తెలిసిందనుకోకండి. మీ ఊరి హోటల్‌కి జనం తక్కువుండే వేళ, సాయంత్రం ఐదింటికల్లా వెళ్లండి. ముందు ఫోన్ చేసి జే వండగలరా అని అడగండి. తర్వాత "మీరు ఇంట్లో ఏం వండుకుంటారు" అని అడిగి, అదే పెట్టమనండి.

అత్తగారు ఏప్రిల్‌లో ఊరెళ్లిపోయారు. కిందటి జనవరిలో యాయ్ వంటింట్లో హీటరు రాత్రంతా ఆగిపోయి మొక్కలన్నీ మాడిపోయాయి. మా కిటికీలోది అప్పటికి నడుం ఎత్తు పెరిగింది. వెన్నులు దులిపి గింజలు, నాలుగు చిన్న మొక్కలు తీసుకెళ్లి ఇచ్చాను. ఇప్పుడు ఆ హోటల్లో కూరలో పడేది మా తులసి పిల్లలే. ఈ సంగతి వీడియో కాల్‌లో అత్తగారికి చెబితే ఆవిడ ముందు అడిగింది ఒకటే: "రాత్రిపూట కోయడం లేదు కదా?" యాయ్‌కి చెప్పాను. ఇప్పుడు పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి పెడుతోంది.