డికాఫ్ పొడికి ఫిల్టర్ ఎందుకు మొరాయిస్తోంది?

మామూలు కాఫీ పొడికి చక్కగా దిగే డికాక్షన్, కెఫీన్ తీసేసిన డికాఫ్‌కి దిగడం లేదన్నారు, అందులో కెమికల్ మిగులుతుందా అనీ అడిగారు. లోపం ఫిల్టర్‌ది కాదండీ. కెఫీన్‌ని పచ్చి గింజలోంచే తీస్తారు. ఆవిరితోనో నీళ్లతోనో ఉబ్బించి, మిథిలీన్ క్లోరైడ్, ఇథైల్ అసిటేట్ లేదా అధిక ఒత్తిడిలోని కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని లాగి, గింజను మళ్లీ ఆరబెడతారు. అలా నాని ఎండిన గింజ వేగాక పెళుసుగా ఉంటుంది. ఆడిస్తే నుసి ఎక్కువొచ్చి చిల్లులకు అడ్డం పడుతుంది.

అందుకే పొడి కాకుండా గింజలే కొని, ఒక మెట్టు బరకగా ఆడించండి. 20 గ్రాములకు 120 మి.లీ. నీళ్లు చాలు. కాడ ఉన్న బిళ్లతో గట్టిగా అదమకండి, ఊరికే ఆనించండి. ముందు రెండు చెంచాల వేడినీళ్లు పోసి, అర నిమిషం ఆగి మిగతావి పోయండి. చికోరీ కలిపితే కాస్త తగ్గించండి, అది నీళ్లు పీల్చుకుని ధారను ఇంకా నెమ్మదింపజేస్తుంది.

ఇక కెమికల్ సంగతి. మిథిలీన్ క్లోరైడ్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది, గింజ వేగేది 200 దగ్గర, కాబట్టి దాదాపు అంతా ఆవిరైపోతుంది. అమెరికాలో అనుమతించే అవశేషం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) మాత్రమే. అయినా మనసొప్పకపోతే స్విస్ వాటర్ పద్ధతిది తీసుకోండి, అందులో నీళ్లూ కార్బన్ వడపోతే. కానీ ఏ పద్ధతైనా కెఫీన్ సున్నా కాదు, కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది.