బాండు కన్నా ముందు అడగాల్సింది

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తి చేశాడు. మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీ నాలుగు నెలల ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగంలో పెట్టుకుంటామంటోంది. రెండేళ్ల బాండు, మధ్యలో మానేస్తే రూ.1.5 లక్షలు కట్టాలట. బాండ్లు చెల్లవు, నేర్చుకొని వేరే కంపెనీకి పోవచ్చని వాడి దోస్తులు అంటున్నారు. సంతకం పెట్టమనాలా? – ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ట్రైనింగ్ అయిన మర్నాడు మీవాడిని ఏ పనిలో కూర్చోబెడతారో ముందు అడిగించండి. నేర్పింది జావా ప్రోగ్రామింగ్ అయి, ఆ తర్వాత ఆర్నెల్లు ఏ పనీ ఇవ్వకుండా బెంచీ మీద ఉంచినా, ఎక్సెల్ షీట్లు నింపమన్నా, నేర్చుకున్నది మరిచిపోతానన్న భయంతోనే పిల్లలు రెజ్యూమెలు పంపడం మొదలుపెడతారు. అలా కాకుండా నేర్పిన పనిలోనే వేసి, అడిగితే చెప్పే సీనియర్‌ను పక్కన పెట్టి, ఏడాది తిరిగేసరికి జీతం పెంచితే చాలామంది కదలరు. ట్రైనీ జీతం దగ్గరే ఆగిపోతే మాత్రం మనసు హైదరాబాద్ మీదికి పోతుంది. బాండు ఆ ప్రయాణాన్ని వాయిదా వేయగలదు, అంతే.

సిలబస్ కూడా తెప్పించుకోండి. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే ఈ తేడా చెప్పాడు: ఎక్కడైనా పనికొచ్చే విద్య నేర్పితే ఆ ఖర్చు ఉద్యోగి తక్కువ జీతం రూపంలో భరిస్తాడు, ఆ సంస్థలోనే పనికొచ్చేది నేర్పితే సంస్థ భరిస్తుంది. జావా, టెస్టింగ్ మొదటి రకం. కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్పుతూ రెండేళ్లు కట్టేస్తామంటే మీవాడికి గిట్టుబాటు కాదు.

ఇక దోస్తుల మాట నమ్మొద్దు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన మూడేళ్లు, రూ.2 లక్షల షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని రాసిన అంకె మొత్తం కట్టాల్సి వస్తుందనీ కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, అది ఆ అంకెను మించదు.

అందుకే సంతకానికి ముందే రెండు సంగతులు కాగితం మీద రాయించండి. మొదటిది, రెండేళ్లు ఎప్పటినుంచి లెక్క? ట్రైనింగ్ అయ్యాక మొదలైతే నిజానికి 28 నెలలు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండోది, పనిచేసిన నెలల కొద్దీ సొమ్ము తగ్గాలి. 24 నెలలకు రూ.1.5 లక్షలంటే నెలకు రూ.6,250. పద్నాలుగు నెలలు చేసి మానేస్తే రూ.62,500 మిగలాలి. దీనికి ఒప్పుకోని కంపెనీ ఎందుకు ఒప్పుకోవడం లేదో అడగండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వకండి, జిరాక్సులు చాలు. చేరాక మానేయాలనిపిస్తే నోటీసు ఇచ్చి, పని నుంచి విడుదల చేసినట్టు కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ తీసుకునే బయటికి రావాలి. చెప్పకుండా మాయమైతే, పీఎఫ్ ఖాతాలో ఆ కంపెనీ పేరు, చేరిన తేదీ ఉంటాయి కాబట్టి తర్వాతి ఉద్యోగంలో అడుగుతారు.