పారాషూట్ ముద్దగా ఎందుకు పడింది?

ప్రశ్న: మా అబ్బాయి, నేను కలిసి కిట్‌తో మోడల్ రాకెట్ చేశాం. నిటారుగా పైకెళ్లింది, ముక్కు కూడా ఊడింది. పారాషూట్ మాత్రం ముద్దలా అతుక్కుపోయి, విచ్చుకోకుండానే కింద పడింది. లోపం ఎక్కడ?

జవాబు: ప్లాస్టిక్ కరిగిందన్నమాట. ముక్కును తోసే ఎజెక్షన్ చార్జ్ (ఇంజిన్‌లోని కొద్దిపాటి పేలుడు మందు) వేడి నేరుగా పారాషూట్‌కు తగిలింది. ఇంజిన్‌కూ పారాషూట్‌కూ మధ్య మంట అంటుకోని వాడింగ్ కాగితాలు మూడు నాలుగు వదులుగా నలిపి పెట్టండి. గొట్టం అంచుల దగ్గర సందు ఉండకూడదు, అలాగని గట్టిగా కూరకూడదు. మామూలు టిష్యూ పేపర్ వద్దే వద్దు. నిప్పుతో రాలి ఎండుగడ్డిని అంటిస్తుంది.

పారాషూట్‌ను ముందురాత్రే మడిచి పెడితే మడతలు పట్టేస్తాయి. కాస్త టాల్కం పౌడర్ అద్ది, ఎగరేసే ముందే మడవండి. రాకెట్‌ను తలకిందులు చేస్తే ముక్కు జారిపోకూడదు, మెల్లగా లాగితే మాత్రం రావాలి.

ఇంజిన్ కోడ్ కూడా చూసుకోండి. ఏ8-3లో చివరి 3 అంటే, ఇంధనం అయిపోయిన 3 సెకన్లకు చార్జ్ పేలుతుంది. కిట్‌లో సూచించిన అంకే వాడండి. ఎక్కువైతే రాకెట్ వేగంగా కిందికి దూసుకొస్తుండగా పారాషూట్ తెరుచుకుని దారాలు తెగుతాయి.

బటన్ నొక్కినా ఇంజిన్ అంటుకోకపోతే, బటన్ ఉన్న కంట్రోలర్ నుంచి సేఫ్టీ కీ తీసేసి, 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్లండి. అబ్బాయిని ముందు పంపకండి.