బలపపు రాయి పొడి కలపడం కల్తీ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. చర్లపల్లిలో ప్లాస్టిక్ గ్రాన్యూల్స్ (గుళికలు) తయారుచేసే పరిశ్రమలో ల్యాబ్ ట్రైనీగా అవకాశం వచ్చింది. ప్లాస్టిక్‌లో టాల్క్ అనే రాతిపొడి కలపడమే అక్కడి పని అంటున్నారు. ఇటువంటి కల్తీ పనిలో భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తండ్రి, కుషాయిగూడ

జవాబు: మీ సందేహమంతా ‘కల్తీ’ అన్న మాట మీదే ఆధారపడి ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. టాల్క్ అంటే బలపపు రాయి. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లోనూ దొరికే ఈ మెగ్నీషియం సిలికేట్ ఖనిజాన్ని మెత్తగా నూరితే పలచని రేకుల్లాంటి రేణువులు వస్తాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో 20 శాతం వరకు కలిపినప్పుడు ఆ రేకులు ప్లాస్టిక్‌కు బిగువునిస్తాయి, వేడికి త్వరగా మెత్తబడనివ్వవు, అచ్చులో చల్లారేటప్పుడు వస్తువు కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తాయి. కార్ల బంపర్లకు, డాష్‌బోర్డులకు ఈ మిశ్రమాన్ని వాడేది అందుకే. పైగా ఘన సెంటీమీటరుకు పాలీప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.9 గ్రాములు కాగా టాల్క్‌ది సుమారు 2.7, పొడి పెరిగేకొద్దీ అదే సైజు వస్తువు బరువెక్కి ఎక్కువ సరుకు పడుతుంది కనుక కేవలం చవక కోసం కలిపితే మిగిలేది అనుకున్నంత ఉండదు. పొడి మితిమీరితే దెబ్బకు పగిలే గుణమూ పెరుగుతుంది. సూదుల్లాంటి రేణువులున్న వోలాస్టోనైట్ ఖనిజాన్ని, గూడూరు ప్రాంతానికి పేరు తెచ్చిన అభ్రకాన్ని కూడా ఇదే తీరున వాడతారు.

చెప్పిన శాతానికి మించి పొడి కలిపి అమ్మితే అది నిజంగా మోసమే. దాన్ని పట్టుకునేది మీ అమ్మాయి కూర్చోబోయే ల్యాబే. నమూనాను తూచి, మఫిల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలో ప్లాస్టిక్ అంతా కాలిపోయేదాకా ఉంచి, మిగిలిన బూడిదను మళ్లీ తూస్తే ఖనిజం ఎంతుందో తేలిపోతుంది. డిగ్రీలో గ్రావిమెట్రీ (తూకంతో పరిమాణం తేల్చే పద్ధతి) శ్రద్ధగా నేర్చుకున్న అమ్మాయికి ఇది కొత్త విద్య కాదు. దీనితోపాటు మెల్ట్ ఫ్లో ఇండెక్స్ (కరిగిన ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత), సాంద్రత, తేమ పరీక్షలు చేయడం రెండేళ్లలో చేతికి వస్తే, ఏ ఖనిజం ఎంత కలపాలో నిర్ణయించే ఫార్ములేషన్ విభాగం వైపు వెళ్లవచ్చు. నా దృష్టిలో అసలైన ఎదుగుదల అక్కడే ఉంది. ఆ దశకు చేరేందుకు కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సిపెట్‌లో సైన్స్ డిగ్రీ చదివినవారికి ఉన్న ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్ అండ్ టెస్టింగ్ పీజీ డిప్లొమా బాగా ఉపయోగపడుతుంది. రెండేళ్ల ఆ కోర్సుకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. సిపెట్ కేంద్రం చర్లపల్లిలోనే ఉండడం మీకు కలిసొచ్చే విషయం.

అయితే ఒప్పుకునే ముందు అమ్మాయితో కలిసి ఒకసారి ఆ పరిశ్రమకు వెళ్లి, పొడి బస్తాలు విప్పే చోటును స్వయంగా చూడండి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ను బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. గ్రాన్యూల్‌లో కరిగిన ప్లాస్టిక్ మధ్య బిగుసుకున్న పొడి గాలిలోకి లేవదు కానీ, బస్తా విప్పేటప్పుడు లేచేది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దుమ్మును లాగే యంత్రాలు ఉన్నాయా, మంచి మాస్కులు ఇస్తున్నారా, టాల్క్‌లో క్యాన్సర్ కారకమైన ఆస్బెస్టాస్ (రాతినార) లేదన్న పరీక్షా పత్రం ఉందా అని అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పి చూపించగలిగితే చేర్చండి; చూపించలేకపోతే జీతం ఎంత బాగున్నా వద్దనండి.