చింతగింజ పడ్డ రోజు ఏమీ అడగకు

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది వింటుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత పాపం అనిపించింది. ట్రైనింగ్‌లో ఇచ్చిన కాగితాల కట్టలో పిల్లల మనసు బాగుండటానికి నలభై యాక్టివిటీలున్నాయి, మూడో తరగతిలో 34 మంది ఉన్నారు, ఏది ఎప్పుడు చేయించాలో తెలియక ఆ కట్టను అలాగే బీరువాలో పెట్టేశానన్నావు. మంచి పని చేశావు. కొన్నాళ్ళు అక్కడే ఉండనీ.

నువ్వు చేరి ఇంకా రెండు నెలలు కాలేదు. డీఎస్సీ కొట్టి 2024 అక్టోబరులో చేరావో లేదో నవంబరు 6న ఇంటింటి సర్వే వచ్చిపడింది. పొద్దున ఒంటిపూట బడి, మధ్యాహ్నం నుంచి ఫారాలు పట్టుకుని బస్తీ అంతా తిరగడం. కాళ్ళు పీకుతున్నాయని మీ అమ్మ దగ్గర ఏడ్చావట. కానీ ఒకటి గమనించావా? నువ్వు పాఠం చెప్పే పిల్లలు ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటారో, ఎవరి తల్లి పొద్దున ఆరింటికే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్ళిపోతుందో, ఎవరిల్లు తాళం వేసి ఉంటే పిల్లలు మెట్ల మీద కూర్చుంటారో నీ కళ్ళతో చూశావు. 31 ఏళ్ళ సర్వీసులో అంత దగ్గరగా చూడటానికి నాకు పదేళ్ళు పట్టింది. ఏ ట్రైనింగ్‌లోనూ అది చెప్పరు. ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో, ఎవరికీ చూపించకు.

ఇక అసలు సంగతి. ఢిల్లీ సర్కారు బడుల్లో 2018 జులైలో రోజూ ఒక హ్యాపీనెస్ పీరియడ్ మొదలుపెట్టారు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. మనకూ అలాంటిది ఉంటే బాగుండునన్నావు. నేను సగమే ఒప్పుకుంటాను. గంట కొట్టగానే సంతోషం మొదలై, గంట కొట్టగానే లెక్కలు మొదలైతే పిల్లలు దాన్నీ ఒక సబ్జెక్టు కింద జమ కట్టేస్తారు. నీకు పీరియడ్ అక్కర్లేదు. పొద్దున మొదటి పది నిమిషాలు నీవి. తొలిమెట్టు లెవెల్స్, అదే పిల్లల చదవడం, రాయడం, లెక్కల స్థాయిలు, వెనకబడతాయని భయపడకు. బెంగతో కూర్చున్న పిల్లాడికి గుణింతం నలభై నిమిషాలు చెప్పినా అది గోడకు చెప్పినట్టే.

ఆ పది నిమిషాల్లో మొదటి పని, గుమ్మం దగ్గర నిలబడటం. కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తెరవకు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి లోపలికి పిలువు. "రోల్ నంబర్ ఫోర్" అంటూ హాజరు వేసే అలవాటు ఉంటే ఈరోజే మానుకో. మీ తరగతిలో బీహార్ పిల్లలు, నేపాల్ వాచ్‌మన్ పిల్లలు ఉన్నారన్నావు కదా, వాళ్ళ పేరు తప్పు పలికితే వాళ్ళచేతే దిద్దించుకో. టీచర్‌నే దిద్దానన్న గర్వం వాడికి వారం రోజులుంటుంది. కొందరు చెయ్యి కలుపుతారు, కొందరు నమస్తే అంటారు, కొందరు తల దించుకుని పోతారు. తల దించుకున్నవాళ్ళను ఆపి "ఏమైంది?" అనకు. చూసి ఊరుకో.

రెండోది గోల ఆపడం. నీ గొంతు ఇప్పటికే బొంగురు పోయింది, ఫోన్లోనే తెలుస్తోంది. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, పైన బాలాహిసార్‌లో వినపడుతుంది కదా. పిల్లలకు ఆ కథ చెప్పు. నువ్వు దర్వాజా, వెనక వరుస బాలాహిసార్. నువ్వు టప్-టప్-టపటప అని కొడితే వెనక వరుస అదే తాళం తిప్పి కొట్టాలి. ప్రతిసారీ ఇంకొంచెం మెల్లగా కొట్టు. ఆఖరికి రెండు వేళ్ళతో కొట్టాలి. అది వినాలంటే తరగతి మొత్తం ఊపిరి బిగబట్టాల్సిందే. "సైలెన్స్!" అని అరిస్తే వచ్చేది భయం, దీనితో వచ్చేది చెవి.

మూడోది చెప్పే ముందు నా తప్పొకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందటి మాట. బడి పేరు ఎందుకులే. నాలుగో తరగతి చెప్పేదాన్ని. ఎక్కడో నేర్చుకొచ్చి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, "ఈ వారం మీకు బాధ అనిపించింది ఒకటి చెప్పండి" అన్నాను. ఇద్దరు ముగ్గురు పెన్సిల్ పోయిందనీ, అన్న గిల్లాడనీ చెప్పారు. అంతలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి, రాత్రి నాన్న తాగొచ్చి అమ్మను వీధిలోకి లాగి కొట్టాడని చెప్పింది. తరగతిలో చప్పుడు లేదు. నాకేమో లోపల గర్వం, ఈ పిల్లతో మాట్లాడించాను చూడు అని. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరు మగపిల్లలు తాగుబోతులా తూలుతూ ఆ పిల్ల ముందు నటించారు. మర్నాడు అది బడికి రాలేదు. తొమ్మిది రోజులు రాలేదు. ఇంటికి వెళితే వాళ్ళమ్మ నన్ను కూర్చోమని కూడా అనలేదు. "ఎందుకు అడిగిన్రు టీచర్? మీరొచ్చి ఆపుతరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అందుకే ఆ కాగితాల కట్టలో "మీ బాధను తరగతితో పంచుకోండి" అనే పేజీ ఉంటే చింపెయ్. గోడకు నవ్వు మొహం, ఏడుపు మొహం అతికించి పిల్లల పేర్లు వాటి కింద పెట్టించడమూ అంతే. ఏడుపు మొహం కింద ఎవరి పేరుందో ముప్పై మంది చూస్తారు. రెండో రోజు నుంచి అందరూ నవ్వు మొహం కిందే ఉంటారు.

నేను తర్వాత చేసింది ఇది. 34 ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకో. పక్కలకున్న గరుకు పట్టీ కనపడకుండా రంగు కాగితం చుట్టి, ఒకదాని మీద ఒకటి అతికిస్తే చిన్న సొరుగుల బీరువా అవుతుంది. మనం చిన్నప్పుడు బొమ్మల కొలువుకు చేసుకున్నట్టే. ఒక్కో సొరుగు ఒక్కో పిల్లాడిది. పేరు వద్దు, వాళ్ళే ఒక గుర్తు వేసుకుంటారు. చేప, ఆటో, పతంగి, ఏదైనా. ఏ గుర్తు ఎవరిదో నీకు తెలిస్తే చాలు. పక్కన డబ్బాలో చింతగింజలు. మనసు బాగాలేని రోజు ఒక గింజ తన సొరుగులో వేసుకుంటే చాలు. గింజ వేసినా వేయకపోయినా రోజూ అందరూ సొరుగు తెరిచి మూయాలి, అప్పుడే ఎవరు వేశారో పక్కవాడికి తెలియదు. అందరూ అన్నాలకు వెళ్ళాక నువ్వొక్కదానివే తెరిచి చూడు.

మొదటి వారం సొరుగులన్నీ గింజలతో నిండిపోతాయి, ముందే చెబుతున్నా. వాళ్ళకు ఆ టక్‌మనే చప్పుడు ఇష్టం. ఒకడు ఆరు గింజలు కుక్కుతాడు. తిట్టకు. మూడో వారానికి మూడో నాలుగో ఉంటాయి, అవి నిజమైనవి.

గింజ పడ్డ రోజు ఏం చేయాలి? ఏమీ అడగకు. మధ్యాహ్నం పాఠం చెబుతూ వాడి పక్కన నిలబడు. బోర్డు తుడిచే పని వాడికివ్వు. పుస్తకాలు పంచే జట్టులో వేసుకో. సాయంత్రం వెళ్ళేటప్పుడు "రేపు రా, నీతో పనుంది" అను. చాలామంది పిల్లలకు అంతే కావాలి. చెప్పాలనుకున్నవాళ్ళు మూడు రోజులకో, మూడు నెలలకో నీ చీర కొంగు దగ్గరకు వాళ్ళే వస్తారు. ఒక పిల్లాడు ఏడాది పొడుగునా గింజలు వేసి, ఒక్క మాట కూడా చెప్పకుండా అయిదో తరగతికి వెళ్ళిపోయాడు. అదీ సరే.

మాటల గురించి ఒకటి. మన తెలంగాణ సర్కారు బడులు 2022లో ఇంగ్లీషు మీడియం అయ్యాక పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మనసు గురించి మాత్రం పిల్లలకు హ్యాపీ, శాడ్, యాంగ్రీ అని మూడే వస్తున్నాయి. మన దగ్గర ఎన్ని మాటలున్నాయి! అలక వేరు, కోపం వేరు. అలక మనల్ని బతిమాలతారని నమ్మకం ఉన్నవాళ్ళ మీదే వస్తుంది. అమ్మ ఊరెళితే వచ్చేది బెంగ. కొత్తవాళ్ళ ముందు బెరుకు. ఓడిపోయి ఏడుపూ కోపమూ కలిసి ముక్కుపుటాలు అదిరితే ఉక్రోషం. రాత్రి కరెంటు పోతే గుబులు. పక్కవాడి కొత్త బ్యాగు చూస్తే కుళ్ళు. రోజుకొక మాట బోర్డు మూల రాసి, ఎప్పుడొస్తుందో వాళ్ళను అభినయించమను. నీ సొంత అలక ఒకటి ముందు నువ్వు చేసి చూపించు, పడి పడి నవ్వుతారు. ఉర్దూ పిల్లలు గుస్సా, పరేషాన్ తెస్తారు, రాయించు. మాట దొరికిన పిల్లాడు కొట్టడం తగ్గిస్తాడు. నా తరగతిలో చూశాను కాబట్టి చెబుతున్నా. "టీచర్, నాకు కుళ్ళొచ్చింది" అని ఒకడు వచ్చి చెప్పాక వాడి మీద కోపం ఎలా తెచ్చుకుంటాం?

ధ్యానం అని కళ్ళు మూసి అయిదు నిమిషాలు కూర్చోబెడితే ఎనిమిదేళ్ళవాళ్ళు పక్కవాణ్ణి గిల్లుతారు. నేను ఛాయ్ ఊదడం చేయించేదాన్ని. అరచేతిని సాసర్‌లా పట్టుకుని, ఇరానీ ఛాయ్ వాసన ముక్కుతో పీల్చి, ఒలికిపోకుండా సన్నగా, పొడుగ్గా ఊదాలి. అయిదుసార్లు చాలు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. ముందొకసారి, తర్వాతొకసారి గుండె మీద చెయ్యి పెట్టి చూసుకోమను, వాళ్ళే కనిపెడతారు. ఆటల పీరియడ్ నుంచి చెమటలతో వచ్చినప్పుడు చేయిస్తే తేడా బాగా తెలుస్తుంది.

ఆటలు నీకు చెప్పక్కర్లేదు, తొక్కుడుబిళ్ళలో నన్నే ఓడించేదానివి. ఒక్క మార్పు చెయ్. అవుటైనవాణ్ణి గోడ దగ్గర కూర్చోబెట్టకు. ముందుగా అవుటయ్యేది ఎప్పుడూ ఆ నలుగురే, ఆట ఎక్కువ కావలసిందీ వాళ్ళకే. అవుటైనవాడు అంపైరు అవ్వాలి, లేదా లెక్క పెట్టాలి. వర్షం రోజు తరగతిలో వీరి వీరి గుమ్మడిపండు ఆడించు, కొత్త పిల్లల పేర్లు అందరికీ వచ్చేస్తాయి.

అన్నం వాళ్ళతోనే తిను. స్టాఫ్‌రూమ్‌లో తినకు. సోమవారం ఎవరు రెండోసారి, మూడోసారి పెట్టించుకుంటున్నారో చూడు, ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలుస్తుంది. పదకొండింటికి బల్ల మీద తల వాల్చేవాణ్ణి బద్ధకస్తుడు అనే ముందు పొద్దున ఏం తిన్నాడో అడుగు. ఇదొక్కటి అడగవచ్చు.

ఇంకొకటి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇప్పుడు బెత్తం పట్టేవాళ్ళు తగ్గారు, నాలుక పట్టేవాళ్ళు పెరిగారు. మీ స్టాఫ్‌లో ఎవరైనా ఒక పిల్లకు వెక్కిరింపు పేరు పెట్టి పిలుస్తుంటే నువ్వు నవ్వకు. కొత్తదానివి, ఎదురు చెప్పలేకపోవచ్చు. నవ్వకపోతే చాలు.

అడగకు అన్నాను కదా, దానికి ఒక హద్దుంది. గింజ వరసగా పడుతూ ఉంటే, ఒంటి మీద వాతలు కనపడితే, ఒక మనిషి పేరు వినగానే పిల్ల ముడుచుకుపోతే అప్పుడు ఊరుకోకూడదు. ఒంటరిగా, తలుపు తెరిచి ఉన్న గదిలో, మెల్లగా విను. "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రం ఇవ్వకు, నిలబెట్టుకోలేవు. లైంగిక వేధింపు అని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దసారు చూసుకుంటారులే అని వదిలేస్తే తప్పు నీ మీదికీ వస్తుంది. చైల్డ్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లల కంటికి అందేంత కిందగా రాయి. మన హైదరాబాద్‌లో పోలీసులు 2016లో పెట్టిన భరోసా సెంటర్ ఉంది, అక్కడ ఆడవాళ్ళతో, పిల్లలతో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉంటారు.

నాలుగో శనివారం బ్యాగులు లేని రోజు వస్తుంది కదా, ఆరోజు టీవీ పెట్టి కూర్చోబెట్టకు. మీ బడి నుంచి బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గరే. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయినదాన్ని తవ్వి బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. లోపల అంత చెత్త ఉన్నా కింద నీళ్ళు అలాగే ఉన్నాయని పిల్లలకు చూపించు. పై మెట్ల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, ఎన్ని చప్పుళ్ళు వినపడ్డాయో లెక్క పెట్టించు. ఇద్దరు తల్లుల్ని తోడు తీసుకెళ్ళు, నీళ్ళ దగ్గర ఒక్కదానివి 34 మందిని పట్టుకోలేవు. హెడ్‌మాస్టర్ పర్మిషన్ కాగితం మీద తీసుకో, నోటిమాట వద్దు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ఈ వారం గుమ్మం, చప్పట్లు. అవి అలవాటయ్యాక అగ్గిపెట్టెలు. మిగతావి సంక్రాంతి సెలవుల తర్వాత చూద్దాం.

మీ పెదనాన్న పాన్ డబ్బావాడి దగ్గర, ఎదురింటి పూజగది దగ్గర అగ్గిపెట్టెలు పోగు చేస్తున్నారు. ఇప్పటికి 22 అయ్యాయి. సిగరెట్ మళ్ళీ మొదలుపెట్టారేమోనని కిరాణావాడు అడిగాడట. ఆదివారం వచ్చి తీసుకుపో, జిగురు ఇక్కడే ఉంది, ఇద్దరం కూర్చుని అతికిద్దాం. చింతగింజలు మాత్రం నువ్వే తెచ్చుకో, నా దగ్గరున్నవి అష్టాచెమ్మాకు కావాలి.

నీ పెద్దమ్మ