ఉన్న అవార్డు, లేని విభాగం

ప్ర: గాయకుడు రాబర్టో కార్లోస్ అవార్డుల జాబితాలో 2005 లాటిన్ గ్రామీ, 'ఉత్తమ రొమాంటిక్ సంగీత ఆల్బమ్' అని ఉంది. ఇప్పటి విభాగాల్లో అలాంటిది కనిపించదు. జాబితాలో తప్పు పడిందా?

జ: తప్పేమీ లేదు. ఇది ఫుట్‌బాల్ ఆటగాడు రాబర్టో కార్లోస్‌ది కాదు, బ్రెజిల్ గాయకుడిదే. సావో పాలోలోని పకాయెంబు స్టేడియంలో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌కు వచ్చింది. విభాగాన్ని తర్వాత తీసేశారు గానీ ఇచ్చిన అవార్డు చెల్లకుండా పోదు. రాసేటప్పుడు వేడుక జరిగిన ఏడాది, ఆనాటి విభాగం పేరు యథాతథంగా రాయాలి. చాలామంది దాన్ని ఇప్పటి పేరుకి మార్చేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది.

ఇంకో తికమక ఉంది. ఆయనకు 1989లో వచ్చినది లాటిన్ పాప్ విభాగంలో గ్రామీ, లాటిన్ గ్రామీ కాదు. లాటిన్ గ్రామీలు మొదలైందే 2000లో. రెంటినీ ఇచ్చే సంస్థలు వేరు. లాటిన్ గ్రామీ ప్రధానంగా స్పానిష్, పోర్చుగీసు రికార్డులకు ఇస్తారు.

ప్ర: ప్రేమ పాటలకు కొరత లేదు కదా, విభాగం ఎందుకు నిలవదు?

జ: కొరత లేకపోవడమే చిక్కు. సాంబా, రాక్, సెర్తనేజా (బ్రెజిల్ పల్లె సంగీతం) అన్నవి వినగానే తెలిసే బాణీలు. 'రొమాంటిక్' అన్నది పాట దేని గురించో చెబుతుంది గానీ ఎలా వినిపిస్తుందో చెప్పదు. బొలేరో, బల్లాడ్, బచాటా, పగోజి, సెర్తనేజా అన్నిటిలోనూ సగం పాటలు ప్రేమవే. వచ్చిన ఎంట్రీలను విభాగాలవారీగా సర్దే నిపుణుల కమిటీకి అప్పుడు గీత ఎక్కడ గీయాలో తెలియదు. ఒకే ఆల్బమ్ రెండు మూడు చోట్ల సరిపోతుంది. మా దృష్టిలో బాణీ పేరుతో కాక పాటలోని వస్తువు పేరుతో పెట్టిన విభాగానికి మొదటి నుంచీ ఆయుష్షు తక్కువే.

విభాగాలు పోవడానికి ఎంట్రీల సంఖ్యా ఒక కారణం కావచ్చు. అమెరికా గ్రామీలు 2011లో 109 విభాగాలను 78కి తగ్గించినప్పుడు పెట్టిన నియమం చూడండి: 25 నుంచి 39 ఎంట్రీలే వస్తే నామినేషన్లు మూడే. 25 కన్నా తక్కువైతే ఆ ఏడాది విభాగం ఆగిపోతుంది, వరసగా మూడేళ్లు అలాగే జరిగితే రద్దు. ఎంట్రీలు దగ్గరి విభాగంలోకి వెళ్తాయి. ఆ కోతలో లాటిన్ పాప్, రాక్, అర్బన్ (రాప్, రెగెటాన్ లాంటివి) ఒకే విభాగమయ్యాయి. 2012లో ఆ అవార్డు మెక్సికో రాక్ బృందం మానాకు వచ్చింది, మరుసటి ఏడాదే పాప్‌ను మళ్లీ విడదీశారు. లాటిన్ జాజ్‌నీ తీసేసి, కళాకారులు కోర్టుకెక్కాక, 2012లోనే తిరిగి పెట్టారు. రద్దయిందంటే ఎప్పటికీ పోయినట్టు కాదు.

ప్ర: ఇవాళ అలాంటి ఆల్బమ్ వస్తే ఎక్కడికి పంపాలి?

జ: లాటిన్ గ్రామీల్లో స్పానిష్ ఆల్బమ్ అయితే ముందు 'సాంప్రదాయ పాప్ గాత్ర ఆల్బమ్' చూడండి. 2012లో గాయకుడు, గాయని, బృందం అన్న పాత పాప్ విభజన తీసేసి సాంప్రదాయం, సమకాలీనం అని రెండు చేశారు. తీగవాద్యాలు, పియానో మీద నడిచే బల్లాడ్లు మొదటి దాంట్లోకి వస్తాయి. లయ యంత్రం (డ్రమ్ మెషిన్) ముందుంటే రెండోది. పోర్చుగీసు అయితే సమకాలీన పాప్, ఎంపీబీ (బ్రెజిల్ జనప్రియ సంగీతం), సెర్తనేజాల్లో ఒకటి. సాహిత్యం పక్కన పెట్టి, సగానికి పైగా పాటల వాద్య కూర్పు ఎటు మొగ్గుతోందో దాన్నిబట్టి నిర్ణయించండి.

ఒకే ఆల్బమ్‌ను రెండు బాణీ విభాగాల్లో పెట్టనివ్వరు. అందులోని పాటను మాత్రం పాట విభాగంలో విడిగా పంపవచ్చు. పాత రికార్డింగులు ఏరి కూర్చిన సంకలనం పనికిరాదు. పాత పాటలనే కొత్తగా లైవ్‌లో రికార్డు చేస్తే మాత్రం అది కొత్తదే. గడువు కూడా గమనించాలి: ఇటీవల జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు విడుదలైనవాటినే తీసుకుంటున్నారు. నవంబరులో వేడుక ఉంది కదా అని జులైలో విడుదల చేస్తే అది వచ్చే ఏడాది పోటీకి వెళ్తుంది.